ఉందా అని అడిగే చోట

రాకేశ్‌కి తన పని వచ్చు. ఈ ముక్క మొదటే ఒప్పుకుందాం, ఎందుకంటే ఆ తర్వాత అతని గురించి చెప్పుకోవడానికి మంచి మాట ఇంకొకటి దొరకదు.

రాయదుర్గంలో అద్దాల మేడ ఒకటి, అందులో అతని ఆఫీసు. వేలకొద్దీ సర్వర్లను ఒక్కొక్కటిగా ముట్టుకోకుండా, అవి ఎలా ఉండాలో ఒక ఫైల్లో రాసిపెడితే చాలు, అలా ఉన్నాయో లేదో చూసి, లేకపోతే అలా చేసిపెట్టే సాఫ్ట్‌వేర్‌తో అతని పని. ఆ సాఫ్ట్‌వేర్‌కి పుట్టుకతో తెలిసిన వస్తువులు కొన్నే. ఫైలు తెలుసు, యూజరు తెలుసు, అలాంటివి మరికొన్ని తెలుసు. తెలియని వస్తువు గురించి చెప్పాలంటే మనమే దానికో కొత్త టైపు రాయాలి, ఆ టైపు కోసం పని చేసే ప్రొవైడర్ రాయాలి. కొత్తగా చేరిన పిల్లలకు రాకేశ్ దీన్ని ఒక్క మాటలో తేల్చేసేవాడు. టైపు అంటే పెళ్లిచూపుల్లో ఇచ్చే మాట, ప్రొవైడర్ అంటే తర్వాత చేసే కాపురం. పిల్లలు పకపకా నవ్వేవారు. ఆ మాట తనది కాదనీ, రవీందర్ దగ్గర ఎత్తుకొచ్చిందనీ మాత్రం రాకేశ్ ఎవరికీ చెప్పేవాడు కాదు.

రవీందర్‌ది మూసాపేట. మెట్రో స్తంభాలు లేవక ముందు, అక్కడ జొన్న చేలున్నప్పటి కుటుంబం. అదే ఆఫీసులో రాకేశ్ కంటే బాగా ముందు చేరినవాడు. రాకేశ్ డిగ్రీ చేతపట్టుకుని లింగంపల్లి లోకల్ రైళ్లలో వేలాడుతూ తిరుగుతున్న రోజుల్లో, తన పేరు చెప్పి ఉద్యోగంలో పెట్టించింది అతనే. పక్కన కూర్చోబెట్టుకుని ప్రొవైడర్ రాయడం నేర్పింది అతనే. ఆకలేస్తోందని నోరు తెరిచి అడగడం రాకేశ్‌కి చేతకాదని కనిపెట్టి, మొగుడి టిఫిన్ డబ్బాలో ఇంకో మనిషికి సరిపడా సర్వపిండి పెట్టి పంపింది రవీందర్ భార్య భవాని. రాకేశ్ ఆమెను వదినా అని పిలిచేవాడు. ఇప్పటికీ పిలుస్తాడు, అదే విచిత్రం.

ఈ ఏడు భవానికి గుండెలో వాల్వు పాడైందని తేలింది. నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడిపోతోంది. ఆపరేషన్‌కి డాక్టర్లు ఒక సోమవారం ఖాయం చేశారు. ఖర్చంతా కంపెనీ బీమా భరిస్తుంది. ఆ బీమా లేకపోతే ఆ ఆపరేషన్ రవీందర్ తరం కాదు. ఇల్లు అన్నదమ్ములందరి ఉమ్మడి సొత్తు, అమ్ముదామంటే ఒకడు ఔనంటే ఇంకొకడు కాదంటాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కంపెనీకి మనుషులు ఎక్కువైపోయారనిపించింది. ఎవరెవరిని తీసెయ్యాలో జాబితా తయారైంది. అందులో రవీందర్ పేరుంది. డైరెక్టర్ సీతారామయ్య ఈ సంగతి రాకేశ్‌ని గదిలోకి పిలిచి చెప్పాడు. ఆయనది గుంటూరు వైపు. ఎంత చేదు మాటనైనా అండీ చేర్చి మెత్తగా మింగించగలడు.

"మీ ఫ్రెండ్ సంగతి నాకు తెలుసండీ. వైఫ్‌కి బాగాలేదు కదా. చూడండి, మీకు ఒక్క పేరు ఇస్తాను. మీరు ఎవరి పేరు చెబితే వాళ్లని లిస్టులోంచి తీయిస్తా. ఈ తీసేసే పని చేయడానికి ఒక టూల్ రాయిస్తున్నా, అది కాస్త ఒడ్డెక్కనివ్వండి."

రాకేశ్ ఆలోచించకుండా రవీందర్ పేరు చెప్పాడు. ఆ నిమిషంలో అతనికి తన మీద తనకే గౌరవం కలిగింది. అన్నంపెట్టినవాళ్లని ఆదుకుంటున్నానని పొంగిపోయాడు. ఆ పొంగు పది అడుగులు నడిచేవరకు కూడా నిలవలేదు, ఎందుకంటే టూల్ రాయబోయేది తను కాదని తలుపు దగ్గర తెలిసింది.

"ఆ పని కృష్ణప్రియకిచ్చానండీ. కొత్త బుర్ర, చురుగ్గా ఉంది. మీరు రివ్యూ చేయండి చాలు."

ప్రొవైడర్ అంటే ఈ ఆఫీసులో రాకేశ్, రాకేశ్ అంటే ప్రొవైడర్. నిన్నగాక మొన్న ఏలూరు నుంచి వచ్చి బాచుపల్లి హాస్టల్లో దిగిన పిల్ల, అడిగిన ప్రతిదానికీ థాంక్సండీ అనే పిల్ల, తనకు దక్కాల్సిన పని ఎగరేసుకుపోయింది. అతనికి కడుపు మండింది. ఆ మంట చల్లారడానికి అతను చేసిన ప్రయత్నమే మిగిలిన కథంతా.

పని ఇదీ. ఒక మనిషిని ఉద్యోగంలోంచి పంపించాలంటే ఇన్నాళ్లూ ఒకరు లాప్‌టాప్ ఆపాలి, ఒకరు గేటు కార్డు ఆపాలి, ఇంకొకరు క్యాబ్ లిస్టులోంచి తీయాలి, మరొకరు బీమా కంపెనీకి చెప్పాలి. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌కి కొత్త వస్తువు ఒకటి నేర్పాలి. దాని పేరు ఉద్యోగి. ఉద్యోగి ఉండాలి అని రాయొచ్చు, ఉండకూడదు అని రాయొచ్చు. ఉండకూడదు అని రాసిన క్షణాన లాప్‌టాప్ నుంచి బీమా దాకా అన్నీ ఒకేసారి తెగిపోవాలి. మనిషిని ఫైలుతో సమానం చేశామేమిటని ఆ ఆఫీసులో ఒక్కరికీ అనిపించలేదు. అందరికీ డిజైన్ ముచ్చటగా తోచింది.

కృష్ణప్రియ రాసింది. బుధవారం రివ్యూకి పెట్టింది. రాకేశ్ క్యాంటీన్లో టీ ముందు పెట్టుకుని, తప్పు దొరక్కపోతుందా అని మొదలుపెట్టాడు.

ఏ ప్రొవైడర్‌లోనైనా ముఖ్యంగా మూడు పనులుంటాయి. ఒకటి చూడ్డం, అంటే ఆ వస్తువు ఉందా లేదా అని అడగడం. రెండోది పెట్టడం. మూడోది తీసెయ్యడం. చూసేచోట చూడాలి తప్ప దేన్నీ కదపకూడదు. ఎందుకంటే డ్రై రన్ అని ఒకటుంటుంది. నిజంగా చేయకుండా, చేస్తే ఏమేం జరుగుతుందో చూపించమని సాఫ్ట్‌వేర్‌ని అడగడం. అప్పుడది పెట్టే పనీ చేయదు, తీసే పనీ చేయదు. కానీ చూసే పని మాత్రం నిజంగానే చేస్తుంది. చూడకుండా ఏం జరగబోతుందో ఎలా చెబుతుంది?

లాప్‌టాప్, గేటు, క్యాబ్ అన్నీ ఆ పిల్ల శుభ్రంగా రాసింది. బీమా దగ్గర బోల్తా పడింది. బీమా కంపెనీ పోర్టల్లో పేరు తీసెయ్యమని చెప్పే దారి ఉంది కానీ, ఈ పేరు ఉందా అని అడిగే దారి లేదు. అందుకని కృష్ణప్రియ ఒక తెలివి చేసింది. తీసెయ్యమని అభ్యర్థన పంపి, వచ్చిన జవాబు చూస్తుంది. సరే తీసేశాం అంటే పేరు ఉన్నట్టు. అలాంటి పేరు లేదంటే లేనట్టు. పరీక్షల కోసం ఇచ్చిన పోర్టల్ ఉత్తుత్తిది కాబట్టి అక్కడ అంతా సవ్యంగా నడిచింది. అసలు పోర్టల్ మీద మాత్రం, ఉందా అని అడిగినందుకే ఉన్న పేరు ఊడిపోతుంది.

రాకేశ్ ఆ లైను రెండోసారి చదివాడు. పండగొచ్చినంత సంతోషం కలిగింది. నిజానికి చెప్పాల్సింది ఒక్క ముక్క. "అమ్మా, చూసేచోట తీసేస్తున్నావు, మార్చు." ఆ పిల్ల నాలిక్కరుచుకుని పది నిమిషాల్లో మార్చేసేది. రాకేశ్‌కి అది చాలలేదు. శుక్రవారం సీతారామయ్య ముందు డెమో ఉంది. టెస్ట్ పేర్లతో, ఉత్తుత్తి పోర్టల్ మీద. అందరూ చప్పట్లు కొట్టబోయే వేళకి తను నెమ్మదిగా చెయ్యెత్తి, ఈ లైను ఏం చేస్తుందో కాస్త చదివి చెప్పమంటాడు. అందరి ముందూ ఆ పిల్ల మొహం ఎలా మారుతుందో ఊహించుకుంటే టీ కూడా తియ్యగా అనిపించింది.

బాగుంది అని రాసి రివ్యూ పాస్ చేసేశాడు. సాయంత్రం కృష్ణప్రియ అతని సీటు దగ్గరికొచ్చి, "ఒక్క తప్పు కూడా పట్టలేదేంటండీ, భయమేస్తోంది" అంది నవ్వుతూ. రాకేశ్ కూడా నవ్వాడు.

శుక్రవారం పొద్దున పెద్ద మీటింగ్ గదిలో తెర ముందు కృష్ణప్రియ నిలబడింది. సీతారామయ్య కుర్చీలో వెనక్కి వాలాడు.

"టెస్ట్ పేర్లు చూసి ఏం చేసుకుంటామండీ? అసలు లిస్టు పెట్టండి, అసలు పోర్టలే పెట్టండి. డ్రై రనే కదా."

అలా పెడితే ఏమవుతుందో గదిలో రాకేశ్ ఒక్కడికే తెలుసు. కృష్ణప్రియ తిన్నగా అతని వైపే తిరిగింది. రివ్యూ చేసిన పెద్దమనిషి అతనే కదా మరి.

"రాకేశ్ గారూ, పెట్టొచ్చాండీ?"

ఆపడానికి ఒక్క మాట చాలు. వద్దు అంటే ఎందుకు అంటారు. ఎందుకో చెబితే, బుధవారమే చూశావా అంటారు. చూసి ఎందుకు పాస్ చేశావు అంటారు. పోనీ చూడలేదందామా, ఇంత పెద్ద తప్పు కనిపించని రాకేశ్ ఏం రాకేశ్? అతని బుర్ర గబగబా దొంగ లెక్కలు వేసింది. రవీందర్ పేరు చెప్పి చాలా రోజులైంది, సీతారామయ్య ఈపాటికి తీయించే ఉంటాడు. మిగతావాళ్లు ఎలాగూ పోయేవాళ్లే. పోర్టల్ వెంటనే పట్టించుకోదేమో కూడా.

"పెట్టు" అన్నాడు రాకేశ్.

తెర మీద పేర్లు వరసగా జరిగాయి. ప్రతి పేరు పక్కనా, నిజంగా నడిపితే తొలగించబడును అని పచ్చటి అక్షరాలు. మధ్యలో రవీందర్ పేరు వచ్చింది, పోయింది. సీతారామయ్య మర్చిపోయాడన్నమాట. రాకేశ్ బల్ల కింద వేళ్లు ముడేసుకున్నాడు. రన్ పూర్తయ్యాక ఏదీ మార్చలేదని చివరి లైను వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. రాకేశ్ కూడా కొట్టాడు.

చప్పట్లు ఆగేలోపే బయట హాల్లో ఫోన్లు మోగడం మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు సీట్లలోంచి లేచి ఫోన్లు చూసుకుంటున్నారు. రవీందర్ అద్దం తలుపు తోసుకుని సగం లోపలికి వచ్చాడు. డైరెక్టర్ ఉన్నాడన్న సంగతి కూడా అతనికి పట్టలేదు.

"రాకేశ్, జర ఇటు చూడు. మా బీమా రద్దయిందని మెసేజొచ్చింది. నాది, భవానిది. గిదేంది, ఎవడన్న మోసం చేస్తుండా?"

కృష్ణప్రియ తెర వైపు తిరిగి తన కోడ్ తెరిచింది. ఆ లైను దగ్గరికి వచ్చేసరికి ఆమెకు అర్థమైంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తర్వాతి సంగతి సీతారామయ్య గదిలో జరిగింది. లోపల ముగ్గురే. కృష్ణప్రియ ఏడుస్తూనే ఉంది గానీ మాట మాత్రం తడబడలేదు.

"తప్పు నాదేనండి. చూసేచోట తీసేసే రిక్వెస్ట్ పెట్టాను. నా మీద ఏ యాక్షన్ తీసుకున్నా సరేనండి, వాళ్ల పేర్లు వెనక్కి పెట్టించండి."

సీతారామయ్య అప్పటికే బీమావాళ్లతో మాట్లాడి ఉన్నాడు. సాయంత్రంలోగా కంపెనీ నుంచి, ఇది పొరపాటున జరిగింది అని ఉత్తరం వెళితే పేర్లన్నీ యథాతథంగా ఉంటాయి. వెళ్లకపోతే మళ్లీ కొత్తగా చేరాల్సిందే. కొత్తగా చేరినవాళ్లకి అప్పటికే ఉన్న జబ్బుల ఖర్చు ఇవ్వరు. ఆయన అంతా వివరంగా చెప్పి, రాకేశ్ వైపు తిరిగాడు.

"పొరపాటని రాస్తే హెడ్డాఫీసు ఊరుకోదండీ. మన టూలు బయటివాళ్ల సిస్టమ్‌ని ముట్టుకుంది, ఎవరు రాశారు, ఎవరు చూసి పాస్ చేశారు అని అడుగుతుంది. రాసింది చిన్నపిల్ల, సర్దుకుంటారు. చూసింది మీరు. అందుకని మిమ్మల్నే అడుగుతున్నా. ఇది బగ్గేనా?"

ఇంత తేలికైన ప్రశ్న మనిషికి జన్మలో ఒక్కసారి వస్తే గొప్ప. ఔను అంటే చాలు. బీమా వెనక్కి వస్తుంది, ఇచ్చిన మాట ప్రకారం రవీందర్ పేరు జాబితాలోంచి పోతుంది. సోమవారం భవాని ఆపరేషన్ బల్ల ఎక్కుతుంది. రాకేశ్‌కి నాలుగు చివాట్లు పడతాయి, మహా అయితే ఉద్యోగం పోతుంది. ఈ ఊళ్లో అతనికి ఇంకో ఉద్యోగం దొరక్కపోదు. కానీ ఎక్కడికి వెళ్లినా, కనబడే తప్పును పట్టలేనివాడనో, పట్టి దాచినవాడనో పేరు ముందే వెళ్లి కూర్చుంటుంది. ఆ రెండింటిలో ఏదీ అతను భరించలేడు. అతని దగ్గరున్నది ఆ ఒక్క పేరే.

"బగ్ కాదు సార్" అన్నాడు. "ఆ పోర్టల్‌కి వేరే దారి లేదు. తెలిసే పాస్ చేశాను. ఎలాగూ తీసెయ్యాల్సిన పేర్లే కదా, రెండ్రోజులు ముందయ్యాయంతే. అమ్మాయి అనవసరంగా కంగారు పడుతోంది."

కృష్ణప్రియ ఏడుపు ఆగిపోయింది. "అదేంటండీ?" అంది. "మీకు తెలుసా? తెలిసే పెట్టు అన్నారా?"

సీతారామయ్య మొహం మాత్రం విప్పారింది. పొరపాటు లేకపోతే ఉత్తరం లేదు, ఉత్తరం లేకపోతే హెడ్డాఫీసు లేదు. "సీనియర్ అంటే అదండీ. డిజైన్ ప్రకారమే నడిచిందని నోట్ పెట్టండి, నేను సంతకం పెడతా."

రాకేశ్ లేచి నిలబడ్డాడు. "సార్, మీరు ఒక పేరు తీయిస్తానన్నారు..." అన్నాడు.

"అన్నానండీ, కాదనను. కానీ అందరికీ మెసేజ్‌లు వెళ్లిపోయాక ఒక్కడినే వెనక్కి తెస్తే మిగతావాళ్లు ఊరుకుంటారా? ఇప్పుడు మీరే అన్నారు కదా, ఎలాగూ తీసెయ్యాల్సిన పేర్లేనని."

రాకేశ్ నోట్ రాశాడు. చక్కగా రాశాడు, ఒక్క అక్షరం తప్పు పోలేదు. మెసేజ్‌లు ఎలాగూ వెళ్లిపోయాయని జాబితాలో ఉన్నవాళ్లందరినీ ఆ సాయంత్రమే పంపించేశారు. రవీందర్ తన సొరుగు ఖాళీ చేసుకుంటుంటే అతను వేరే అంతస్తులో మీటింగ్ ఉందని వెళ్లిపోయాడు. మీటింగ్ లేదు.

ఆదివారం అతనికి ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. పోకపోతే అనుమానం వస్తుందని భయం. పోతే ఏం చెప్పాలో దారంతా వల్లె వేసుకున్నాడు. మూసాపేట స్టేషన్ దిగి గల్లీలోకి తిరిగేసరికి కథ తయారైంది.

రవీందర్ ముందరి వరండాలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. రా, కూచో అన్నాడు. లోపలి నుంచి అల్మారా తలుపు తీసి మూస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"అన్నా, నా శాయశక్తులా కొట్లాడిన" అని మొదలుపెట్టాడు రాకేశ్. "డైరెక్టర్ కాళ్లు పట్టుకున్నంత పనిచేసిన. కొత్త పిల్లకిచ్చిండు పని, ఆ పిల్ల తప్పు చేసింది. వెనక్కి తియ్యిండ్రని నేను మొత్తుకున్న. మనోళ్లని పెట్టండి సార్, ఇంట్ల ఆపరేషనున్నదని చెప్పిన. వినలేదన్నా. అసలు కనికరం లేని మనిషి."

రవీందర్ అడ్డు తగలలేదు. తల ఊపుతూ చివరిదాకా విన్నాడు. ఎక్కడెక్కడ కొట్లాడాడో, ఏమేం అన్నాడో రాకేశ్ ఇంకాస్త చేర్చాడు. చెప్పే కొద్దీ అది నిజంగానే జరిగిందని అతనికే నమ్మకం కుదిరింది. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, వాటిని దాచుకోలేదు.

అంతా అయ్యాక రవీందర్ అన్నాడు. "ఆ పిల్ల పొద్దున ఇంటికొచ్చిపోయింది."

రాకేశ్ గబుక్కున కళ్లు తుడుచుకున్నాడు.

"ఏడ్చుకుంట వచ్చింది. నాదే తప్పంకుల్ అన్నది. ఉద్యోగం రాజీనామా చేసిందట. నువ్వు ఏమన్నవో, సార్ ఏమన్నడో మొత్తం చెప్పింది. నేను నమ్మలే. రాకేశ్ వస్తడు, వాడి నోట వింట అన్న." కుర్చీలో ముందుకు వంగాడు. "ఇగ విన్న."

"అన్నా, అట్ల కాదు..."

"ఊకో. భవాని వింటది." రవీందర్ గొంతు తగ్గించాడు. "సర్కారు దవాఖానల పేరు రాయించిన. ఎన్నడు పిలుస్తరో తెల్వదు. అంతదాక ఉంటదో లేదో డాక్టర్ చెప్పలే. దానికి ఇంక నేనేం చెప్పలే. రేపే ఆపరేషననుకుంటున్నది, బట్టలు సర్దుకుంటున్నది. నా నోటికి వస్తలేదు. నువ్వు చెప్పు. చేసింది నువ్వే గద, ఇదొక్కటన్న నీ నోటితోని చెప్పు."

లోపల చప్పుడు ఆగింది. భవాని గడప దాటి వరండాలోకి వచ్చింది. ఆ నాలుగడుగులకే ఆయాసం వచ్చి తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. రాకేశ్‌ని చూసి మొహం వెలిగింది.

"నువ్వొచ్చినవా తమ్మీ, మంచిగైంది. ఈయన చూడు, రెండ్రోజుల సంది పలుకడు, ఉలుకడు. నాకన్న ఈయనకే భయమెక్కువున్నది. రేపు పొద్దుగాల నువ్వు నీ కారు తీస్కొని వస్తవా? ఆటోల కుదుపులకు నాతోని అయితలేదు."

రవీందర్ రాకేశ్ మొహంలోకే చూస్తున్నాడు. రెప్ప వేయలేదు. రాకేశ్ ఒకసారి అతన్ని చూశాడు, ఒకసారి ఆమెను చూశాడు.

"వస్త వదినా" అన్నాడు. "నువ్వు ఫికర్ చెయ్యకు. ఆరింటికల్లా ఇంటి ముందలుంట."

భవాని తృప్తిగా నవ్వి, టీ పెడతానని లోపలికి వెళ్లింది. రాకేశ్ టీ కోసం ఆగకుండా చెప్పులు వేసుకున్నాడు.